నల్లబీరు రుచి చెప్పిన ఎర్నా

హోలర్‌బాఖ్‌లో ఫోర్స్ట్ వాళ్ళ బీరుశాలలో అడుగుపెట్టిన ప్రతివాడికీ ముందు కనిపించేది ఎర్నా డోర్ష్. రెండు చేతులా మట్టిలోటాల పిడులు గుత్తులుగా పట్టుకుని, మోచేత్తో తలుపు తోసుకుని, నురగ చుక్క కింద పడకుండా బల్లల మధ్య నడిచి వచ్చేది. ఎవరికేం కావాలో అడిగేది కాదు. ఎవరు ఏ మూల కూర్చుంటారో, ఎవరు ఎవరి పక్కన కూర్చోరో, ఎవరి లోటా ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆమెకి తెలుసు. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనకాల చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. పడుచుతనంలో ఆ పనిలో చేరింది, జుట్టు నెరిసినా అందులోనే ఉంది.

అన్నేళ్ళలోనూ ఆమె ఒక్క గుక్క బీరు తాగలేదు.

ఊరివాళ్ళకిది అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాడెవడైనా సరదాకి నువ్వూ ఓ లోటా పట్టమంటే, పొయ్యి పక్క బల్ల దగ్గర కూర్చునే ముసలి ఆడమ్ అడ్డం వచ్చేవాడు. ఆడమ్ ఇళ్ళకి పెంకులు నేసే పనివాడు, పని మానేశాక రోజంతా అక్కడే ఉండేవాడు. "ఆవిడకి ఆపిల్ రసం చెప్పు నాయనా. బీరంటే నీ లోటా నీ నెత్తినే పోస్తుంది" అనేవాడు. ఎందుకు తాగదని ఎవరూ అడగలేదు. పెద్దవాళ్ళకి ఆమె తండ్రి యోహాన్ గుర్తున్నాడు. అది చాలు.

యోహాన్ రాళ్ళ క్వారీలో పనిచేసేవాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఎర్నా చేతికి కూజా ఇచ్చి ఫోర్స్ట్ వాళ్ళ దగ్గరికి పంపేవాడు. ఆ రోజుల్లో ఊళ్ళో పిల్లలందరూ తండ్రులకి బీరు అలాగే తెచ్చేవారు, అందులో వింతేమీ లేదు. కాకపోతే యోహాన్ కూజా ఖాళీ చేసి మళ్ళీ పంపేవాడు. అరిచే మనిషి కాదు, చెయ్యెత్తే మనిషీ కాదు. పొయ్యి పక్కన కూర్చుని తాగుతూ రోజురోజుకీ మాట తగ్గించుకుంటూ పోయాడు. ముందు సోమవారాలు పనికి వెళ్ళడం మానేశాడు. ఆ తర్వాత ఆవు పోయింది, వాగు పక్క పొలం చెక్క పోయింది. ఒక చలికాలం ఊపిరితిత్తుల జబ్బు చేసి అతనూ పోయాడు. ఎర్నా తల్లి మొగుణ్ణి గానీ బీరుని గానీ ఒక్క మాట అనలేదు. ఎర్నా మాత్రం మనసులో ఒకటి అనుకుంది. ఆ ఇంట్లోకి వచ్చిన ప్రతి కూజా నా చేతి మీదుగానే వచ్చింది. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. తర్వాత పని వెతుక్కోవలసి వచ్చినప్పుడు ఊళ్ళో దొరికింది ఫోర్స్ట్ వాళ్ళ బీరుశాలే. మోయడం ఎలాగూ వచ్చు కదా అనుకుని చేరిపోయింది.

బీరుశాల యజమాని కిలియన్ ఫోర్స్ట్. బీరు కాచేదీ అతనే. ఊరంతా మేస్త్రీ అని పిలిచేవారు. అతనూ ఎర్నా ఒకే బళ్ళో చదువుకున్నారు. తాతనాటి రాగి కాగుల్లోనే అతను నల్లబీరు కాచేవాడు. మొలకెత్తించి కాల్చిన బార్లీ, చేదుకి హాప్స్ పువ్వులు, పులియడానికి ఈస్టు, కొండలోంచి వచ్చే ఊటనీళ్ళు. అంతకు మించి ఏమీ వేసేవాడు కాదు. కాచాక పీపాల్లో నింపి, ఊరి వెనక కొండలో తొలిచిన చల్లటి గుహలో వారాల తరబడి పడుకోబెట్టేవాడు. ఆ చుట్టుపక్కల ప్రతి ఊరికీ ఒక బీరు కాపుశాల ఉంది. ప్రతి ఊరికీ తమ నల్లబీరే బీరు, పక్క ఊరిది కుడితి. హోలర్‌బాఖ్ వాళ్ళు ఊంటర్‌లిండ్ బీరుని ఆ మాటే అనేవాళ్ళు. ఊంటర్‌లిండ్ వాళ్ళు వీళ్ళ బీరుని ఇంకా ఘోరమైన మాట అనేవాళ్ళు.

బెర్లిన్ గోడ కూలిన మరుసటి వేసవిలో కిలియన్ చెర్రీలు కోస్తూ చెట్టుకి ఆనించిన నిచ్చెన మీంచి పడ్డాడు. తలకి గట్టి దెబ్బ తగిలింది. పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళుండి, గుండు మీద కుట్లతో తిరిగొచ్చాడు. నడుస్తున్నాడు, మాట్లాడుతున్నాడు, పాత జోకులే వేస్తున్నాడు. గండం గడిచిందని ఊరంతా అనుకుంది. ఎర్నా ఒక్కటి గమనించింది. వంటింట్లో పాలు పొంగి మాడిపోతుంటే అతను పొయ్యి పక్కనే నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

చలికాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, భోజనాల వాళ్ళు వెళ్ళిపోయి బీరుశాల ఖాళీగా ఉన్నప్పుడు, కిలియన్ ఆమెని కూర్చోమన్నాడు. ఆమె ముందు చిన్న గాజుగ్లాసు పెట్టాడు. అందులో నల్లబీరు.

"ఎవరికిది?" అంది ఎర్నా.

"నీకే."

"మతి పోయిందా మేస్త్రీ? చెట్టు మీంచి పడ్డాక ఏదో తేడాగానే ఉన్నావు."

"తేడాగానే ఉన్నాను. నాకు వాసన తెలీట్లేదు."

వేళాకోళం అనుకుని ఆమె నవ్వబోయింది. అతను నవ్వలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునుంచీ కాఫీ వేడినీళ్ళలా ఉందని చెప్పాడు. ఉప్పూ తీపీ పులుపూ చేదూ నాలుకకి తగులుతున్నాయి, అంతే. దాని వెనక ఉండాల్సింది ఏదీ లేదు. డాక్టరేమో వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. చేతుల అలవాటు మీద ఇప్పటికి బీరు కాశాడు గానీ, కళ్ళకి గంతలు కట్టుకుని నడిచినట్టుందన్నాడు.

"మార్గిత్‌ని అడగరాదూ?" అంది ఎర్నా. మార్గిత్ అతని భార్య, వంటిల్లు ఆమెది.

"అడిగాను. బాగుందంది. ఏది పోసినా బాగుందనే అంటుంది. గ్లాసులోకి చూసి కాదు, నా మొహంలోకి చూసి చెబుతుంది."

"ఆడమ్‌ని అడుగు."

"ఆడమ్‌కి చెబితే సాయంత్రానికల్లా ఊంటర్‌లిండ్‌లో తెలుస్తుంది. కాచేవాడికి ముక్కు లేదంటే ఆ బీరు ఎవడు తాగుతాడు?"

"అందుకని తాగనిదాన్ని నేను దొరికానా?"

"తాగవు కనకే అడుగుతున్నా. నీ నాలుక మీద ఎవరి బీరూ లేదు."

ఎర్నా లేచి, బంగాళాదుంపలు చెక్కు తీయాలని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గ్లాసు అలాగే ఉండిపోయింది. కిలియన్ మళ్ళీ అడగలేదు. ఆమెతో ఎప్పటిలాగే ఉన్నాడు, అదే ఆమెకి ఇబ్బందిగా ఉంది. బతిమాలితే తిట్టి ఊరుకునేది.

కొన్నాళ్ళకి మళ్ళీ బీరు కాచే రోజు వచ్చింది. ఆ రోజు ఊళ్ళో ఎవరూ అడగక్కర్లేదు. ఉడుకుతున్న బార్లీ వాసన వీధంతా కమ్ముకుంటుంది. బట్టలారేసే ఆడవాళ్ళకి తెలుస్తుంది, చర్చి మెట్ల మీద ఎండకి కూర్చున్న ముసలివాళ్ళకి తెలుస్తుంది. ఎర్నా కాఫీ పట్టుకుని కాగుల గదికి వెళ్ళింది. కిలియన్ రాగి మూత తెరిచి, ఆవిరిలో మొహం పెట్టి, కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీలుస్తున్నాడు. వదిలి మళ్ళీ పీలుస్తున్నాడు. నూతిలోకి వంగి, లోపల పడిపోయిన మనిషిని పేరు పెట్టి పిలుస్తున్నవాడిలా ఉన్నాడు. ఆమె వచ్చిన సంగతి అతను చూడలేదు.

ఎర్నా కాఫీ గట్టు మీద పెట్టింది. "రేపు మధ్యాహ్నం గ్లాసు పెట్టు మేస్త్రీ" అని చెప్పి బయటికి వచ్చేసింది.

మర్నాడు ఆమె కిటికీ పక్కన కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గ్లాసు ముట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. కిలియన్ తొందరపెట్టలేదు. ముందు వెలుతురుకి పట్టి చూడమన్నాడు. దూరంనుంచి నలుపే గానీ, అంచు దగ్గర ఎరుపు ఉంది. అప్పుడే తొక్కలోంచి తీసిన చెస్ట్‌నట్ గింజ రంగు. తర్వాత వాసన చూడమన్నాడు. తర్వాత చిన్న గుక్క తీసుకుని, మింగకుండా నోట్లోనే కాసేపు ఉంచమన్నాడు.

"ఏముంది?" అన్నాడు.

"చేదు."

"అది నాకూ తెలుస్తోంది. దాని వెనక?"

ఎర్నా మళ్ళీ తాగింది. నోట్లోకి తండ్రి వస్తాడనీ, పొయ్యి పక్క మూల వస్తుందనీ, తల్లి మాట్లాడకుండా గిన్నెలు తోమడం వస్తుందనీ భయపడింది. అవేవీ రాలేదు. రొట్టె వచ్చింది. "రై రొట్టె మీది పెచ్చు" అంది నెమ్మదిగా. "కాస్త మాడిన చోట."

"ఇంకా?"

"ప్లమ్ పళ్ళ జామ్ కాస్తాం చూడు. గిన్నె అడుగున అంటుకున్నది గరిటెతో గోకి తింటాం, అదీ. తర్వాత పచ్చి అక్రోటు మీది తొక్క. నాలుక పక్కలు పట్టేస్తోంది."

కిలియన్ కళ్ళు మూసుకున్నాడు. ఆమె ఒక్కొక్కటి చెబుతుంటే అతని గొంతు కదిలింది, తనే మింగుతున్నట్టు.

గ్లాసులో అడుగున కాస్త మిగిలింది. ఈలోగా గది వేడికి అది వెచ్చబడింది. ఎర్నా ఆ చివరి గుక్క తీసుకుని, గ్లాసు బల్ల మీద పెట్టేసి, కిటికీ వైపు తిరిగింది.

"ఏమైంది?" అన్నాడు కిలియన్.

"అడుగున మా నాన్న ఉన్నాడు."

ఇంకొకడైతే ఓదార్చేవాడు. కిలియన్‌కి యోహాన్ తెలుసు, చిన్నప్పుడు అతని కూజా నింపింది తనే. అయినా అతను కాస్త ఆలోచించి, "ఏ వాసన? సరిగ్గా చెప్పు" అన్నాడు. ఎర్నాకి చర్రున కోపం వచ్చింది. మొహం చూశాక తగ్గింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

"తడిసిన ఉన్నికోటు. పొయ్యి దగ్గర ఆరేస్తే వచ్చేది. దాని కింద పాత తోలు."

"అది బీరుది కాదు ఎర్నా. పీపాది. లోపల గుగ్గిలం పూత లేచిపోయి చెక్క బయటపడితే ఆ వాసన పడుతుంది. యుద్ధం అయ్యాక గుగ్గిలం ఎక్కడ దొరికింది? మా నాన్న రోజుల్లో పీపాలన్నీ అలాగే ఉండేవి."

ఆ పూటే అతను గుహకి వెళ్ళి ఆ పీపా బయటికి దొర్లించాడు.

ఎర్నా ఇంటికి నడుస్తూ దీని గురించే ఆలోచించింది. ఇన్నేళ్ళూ తండ్రిది అనుకున్న వాసన ఒక పాత చెక్కది. దానివల్ల జరిగింది జరగకుండా పోదు. ఆవు తిరిగి రాదు, అమ్మ మొహం మారదు. అయినా ఆ వాసనతోపాటు ఎప్పుడో మరిచిపోయింది ఒకటి పైకి వచ్చింది. మొదట్లో, ఇంకా మాటలున్న రోజుల్లో, ఆమె కూజా తెచ్చి ఇవ్వగానే తండ్రి వేలితో నురగ తీసి ఆమె ముక్కు మీద పెట్టేవాడు. ఆమె దాన్ని నాలుకతో అందుకోవాలని చూసేది. అందకపోతే అతను నవ్వేవాడు. అతను నవ్వేవాడన్న సంగతే ఆమెకి ఇన్నాళ్ళూ గుర్తులేదు.

ఆ చలికాలమంతా మధ్యాహ్నాలు అలా గడిచాయి. చిన్న గ్లాసు, అంతకు మించి లేదు. బీరువాళ్ళ మాటలు కిలియన్ నేర్పబోతే ఆమె వద్దంది. తన మాటలు తనకున్నాయంది. ఒకసారి తీపి ఎక్కువైంది. "వెళ్తాను వెళ్తాను అంటూ గుమ్మంలో నిలబడి వెళ్ళని చుట్టంలా ఉంది" అంది. తర్వాతి కాపులో అతను హాప్స్ కాస్త పెంచాడు. ఇంకోసారి గింజలు మరీ కాల్చి వేశాడు. ఆర్పేసిన పొయ్యిలో నీళ్ళు పోసినట్టుందని చెప్పింది. అతను వాదించేవాడు కాదు. ఆమె మాట విని, చేతులతో దాన్ని కాగులోకి మార్చేవాడు. ఆ మధ్యాహ్నాల్లో వంటింట్లోంచి మార్గిత్ గిన్నెల చప్పుడు మామూలుకన్నా గట్టిగా వినిపించేది. మొగుడు తన నాలుకని నమ్మలేదన్నది ఆమె బాధ. ఎర్నాకి అది అర్థమైంది.

వసంతంలో ఒకరోజు ఆడమ్ లోటా పక్కన పెట్టి ఆమెని దగ్గరికి పిలిచాడు. "ఏమే ఎర్నా, మేస్త్రీ ఏదో మార్చాడు."

"బాగాలేదా?"

"బాగాలేదన్నానా? ఇంకోటి తే."

ఆ ఊళ్ళో మెచ్చుకోలు అంతవరకే.

ఆ ఏడాది వేసవి మండిపోయింది. జనం ఎడతెరిపి లేకుండా తాగారు. గుహలో పీపాలు అనుకున్నదానికంటే ముందే ఖాళీ అయ్యాయి. అక్టోబరులో కెర్వా, అంటే ఊరి చర్చి పండుగ. దానికోసం కాచిన నల్లబీరు గుహలోకి ఆలస్యంగా చేరింది. పండుగకి వారం ముందు కిలియన్ ఎర్నా ముందు గ్లాసు పెట్టాడు. ఆమె తాగి, ఆగి, మళ్ళీ తాగింది.

"వెన్న" అంది.

"ఏ వెన్న?"

"రొట్టెకి రాసుకునే వెన్నే. మొదటి గుక్కకి బాగానే ఉంది. రెండోదానికి నోరంతా జిడ్డు."

కిలియన్‌కి ఆ మాటకి అర్థం తెలుసు. బీరు పూర్తిగా పండకపోతే ఆ వాసన ఉంటుంది. ఇంకొన్ని వారాలు వదిలేస్తే ఈస్టే దాన్ని తినేస్తుంది. కానీ పండుగ వారంలో ఉంది. సొంత నల్లబీరు లేని కెర్వా ఆ ఇంట్లో యుద్ధంలో తప్ప ఎప్పుడూ జరగలేదు. ఆమె మాట నిజమని తెలిసినందుకో, ఆ వాసన తనకి అందనందుకో, అతనికి ఎక్కడలేని కోపం వచ్చింది.

"తాగడం మొదలుపెట్టి ఏడాది నిండలేదు. నాకు పాఠం చెబుతున్నావా?"

"పాఠం కాదు. అడిగావు, చెప్పాను" అంది ఎర్నా. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

కిలియన్ మార్గిత్‌ని పిలిచి రుచి చూడమన్నాడు. బాగుందంది. అతను ఆ మాట పట్టుకున్నాడు.

కెర్వా రోజు కుర్రాళ్ళు చర్చి ముందు రంగుకాగితాలు కట్టిన పొడవాటి స్ప్రూస్ చెట్టు మాను నిలబెట్టారు. మధ్యాహ్నానికి బీరుశాలలో కూర్చోడానికి చోటు లేదు. వంటింట్లో పందిమాంసం కాలుతోంది, బంగాళాదుంప ఉండలు పళ్ళేల నిండా పొగలు కక్కుతున్నాయి. మూలన అకార్డియన్ వాయిస్తున్నారు. ఎర్నా మొదటి దఫా లోటాలు పట్టుకెళ్ళింది. అందరూ లోటాలు తాకించి తాగారు. ఆడమ్ మీసం తుడుచుకున్నాడు, లోటాలోకి ఒకసారి చూశాడు, దాన్ని కాస్త దూరంగా జరిపి, చర్చి పైకప్పు పెంకుల గురించి మాట్లాడటం మొదలెట్టాడు. పక్క బల్లవాళ్ళు సగంలో ఆపి లేతరంగు బీరు తెమ్మన్నారు. ఒకాయన ఆపిల్ రసం అడిగాడు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఊరివాళ్ళు బాగుంటే అననట్టే బాగాలేకపోయినా అనరు.

ఎర్నా సగం నిండిన ఆ లోటాలు వెనక్కి తెచ్చి, పారబోయకుండా, వంటింట్లో పొడవాటి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. కిలియన్ పీపా దగ్గర నిలబడి రెండో దఫా నింపుతున్నాడు. వాటిని చూడనట్టు నింపుతూనే ఉన్నాడు. నింపిన లోటాలు గట్టు మీద ఉన్నాయి. ఎర్నా వాటిని అందుకోలేదు.

"తీసుకెళ్ళు ఎర్నా, నురగ చచ్చిపోతోంది" అంది మార్గిత్ పొయ్యి దగ్గర్నుంచి.

"నేను మొయ్యను."

కిలియన్ తలెత్తాడు.

"ఇన్నేళ్ళు నువ్వు పోసింది నేను మోశాను మేస్త్రీ. లోపల ఏముందో తెలీక మోశాను. ఇది తెలిసి మొయ్యలేను" అంది. గొంతు పెంచలేదు. చేతులు మాత్రం ఆప్రానులో చుట్టుకుంది.

మార్గిత్ గరిటె పక్కన పెట్టి, బల్ల మీది లోటా ఒకటి తీసుకుని తాగింది. ఈసారి మొగుడి మొహంలోకి చూడలేదు. "వెన్న వాసనే కిలియన్" అంది. "వారం కిందటే తెలిసింది నాకు. నువ్వు బాధపడతావని అనలేదు."

కిలియన్ పీపా కుళాయి కట్టేశాడు. ఆప్రాను విప్పి మేకుకి తగిలించి బయటికి నడిచాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేనివాడు. ఆడమ్ బల్ల దగ్గర నిలబడి, ఎవరివైపూ చూడకుండా, నల్లబీరు తాగొద్దని, అది ఇంకా పండలేదని, తను తొందరపడ్డానని చెప్పాడు. అకార్డియన్ ఆగింది. అంత అనుభవం ఉన్నవాడివి నీకెలా తెలీలేదని ఎవరో అడిగారు.

"నాకు వాసన తెలీదు. చెట్టు మీంచి పడ్డప్పట్నుంచీ తెలీదు. ఏడాదిగా రుచి చూసి చెబుతున్నది ఎర్నా. ఇది పొయ్యొద్దంది. నేను వినలేదు."

ఆడమ్ నోరు తెరిచి కిలియన్‌ని చూశాడు, తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఎర్నాని చూశాడు.

"ఎర్నా తాగుతుందా?" అన్నాడు.

ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. కాచేవాడికి ముక్కు పోయిందన్న సంగతి ఒక మూలకి పోయింది. ఎర్నా బీరు తాగుతోందన్నదే ఊరికి పెద్ద వార్త అయింది. బల్ల బల్లకీ పాకి, గుమ్మం దాటి, చర్చి ముందు మాను దగ్గరికి చేరింది. ముసలమ్మలు లోపలికి వచ్చి ఆమె మొహంలోకి చూసి వెళ్ళారు. ఎర్నా ఎర్రబడిపోయి, ఎవరికేం కావాలో చెప్పండి లేకపోతే ఇంటికి పొండి అని కసిరింది. ఆ కేకకి నవ్వులు లేచాయి. ఆ నవ్వుల్లో కిలియన్ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆడమ్ ఏమీ అనకుండా తన పళ్ళెంలోని మాంసం ముక్క ఒకటి కోసి అతని ముందుకి జరిపాడు.

పండుగకి నల్లబీరు మాత్రం కావాలి. ఆడమ్ అల్లుడి ట్రాక్టరు వేసుకుని ఊంటర్‌లిండ్ వెళ్ళి పీపాలు తెచ్చాడు. హోలర్‌బాఖ్ కెర్వాలో ఊంటర్‌లిండ్ కుడితి తాగారన్న ఎగతాళి ఆ తర్వాత ఎన్నేళ్ళయినా పోలేదు. అక్కడి మేస్త్రీ ఎగతాళి చేయలేదు. పీపాలతోపాటు, అప్పుడే పొంగుతున్న తన కొత్త బీరు ఒక క్యానులో పోసి పంపాడు. అది పండని పీపాల్లో కలిపితే అందులోని ఈస్టు వెన్న వాసన తినేస్తుందని చెప్పి పంపించాడు. కిలియన్ ఆ క్యాను ముందు కాసేపు నిలబడ్డాడు. అతని తాత ఉంటే దాన్ని వాగులో పారబోసేవాడు. కిలియన్ కలిపాడు.

నవంబరు ఆఖరున, వాన పడుతున్న ఒక మామూలు మంగళవారం, ఎర్నా గ్లాసు దించి ఆ పీపాల్లోది ఇక పొయ్యొచ్చంది. రొట్టె ఉందంది, జామ్ ఉందంది, చివర్న నోరు శుభ్రంగా ఉందంది. ఆ పూట బీరుశాలలో ఆడమ్, ఇంకో ఇద్దరు ముగ్గురు తప్ప ఎవరూ లేరు. ఆడమ్ తాగి, లోటా దించి, "పర్లేదు" అన్నాడు. అంతకన్నా పెద్ద మాట అతని నోట ఎవరూ వినలేదు. ఆ సాయంత్రం మార్గిత్ మూడు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టి, తనూ వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది. జామ్ అన్న మాట సరికాదంది. అది జామ్ కాదు, ఎండబెట్టిన పియర్ ముక్క అంది. ఎర్నా మళ్ళీ తాగి చూసి, కాదు అంది. ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. కిలియన్ ఇద్దరి మాటలూ వింటూ కూర్చున్నాడు.

కొన్నేళ్ళకి కిలియన్ కూతురు ఉర్సులా బీరు కాచే చదువు ముగించుకుని వచ్చి కాగులు తన చేతిలోకి తీసుకుంది. మంచి ముక్కు ఆ పిల్లది. ఆమెకి ఎవరి నాలుకా అక్కర్లేదు. ఎర్నాకి బరువు దిగినట్టూ ఉంది, కాస్త వెలితిగానూ ఉంది. మోకాళ్ళు అరిగి, లోటాలు మోయడం కూడా మానేసింది. అయినా మధ్యాహ్నం పూట వచ్చి కిటికీ పక్కన కూర్చునేది. చిన్న గ్లాసు నల్లబీరు ముందు పెట్టుకుని, వెచ్చబడేదాకా ఆగి ఆగి తాగేది. ఒక్కోరోజు సగం వదిలేసేది. కిలియన్ ఎదురుగా వచ్చి కూర్చునేవాడు. అతని వాసన తిరిగి రాలేదు.

"ఇవాళేముంది?" అని అడిగేవాడు. అవసరం లేకపోయినా అడిగేవాడు.

ఒకరోజు ఆమె చెప్పడం అయ్యాక అతను బల్ల మీదికి వంగాడు. "ఒకటి చెప్పనా ఎర్నా? మొదట్లో నువ్వు రొట్టె మీది పెచ్చు అంటే నాకు రొట్టె రుచి గుర్తొచ్చేది. ఇప్పుడు రావట్లేదు. ఎంత ప్రయత్నించినా రావట్లేదు. నువ్వన్న మాటే గుర్తొస్తోంది. నీ గొంతుతో."

"అది తక్కువా?" అంది ఎర్నా.

"తక్కువని అనలేదు" అన్నాడు కిలియన్.

బయట టూరిస్టు బస్సు వచ్చి ఆగింది. వంటింట్లోంచి మార్గిత్, బల్లల మీద గుడ్డలు పరవలేదని కేకేసింది. ఎర్నా మోకాలి మీద చెయ్యి పెట్టుకుని లేచి గుడ్డలు తేవడానికి వెళ్ళింది.